అరవై ఘడియల గడువు

మన ఇళ్లలో బిడ్డ పుట్టగానే మొదట అడిగే ప్రశ్న ఆడా, మగా అని. ఆ వెంటనే అడిగేది టైమెంత అని. ఆపరేషన్‌ థియేటర్‌ తలుపు దగ్గర నిలబడ్డ తాతయ్య చేతి గడియారం చూసుకుంటాడు. నర్సమ్మను రెండుసార్లు అడిగి, నిమిషంతో సహా చీటీ మీద రాసుకుని జేబులో భద్రంగా పెట్టుకుంటాడు. నక్షత్రం, పాదం, లగ్నం అన్నీ ఆ నిమిషంలోనే ఉన్నాయని నమ్మకం. ముహూర్తం పెట్టించుకుని మరీ సిజేరియన్‌కు వెళ్లే కుటుంబాలూ తక్కువేమీ లేవు. పుట్టిన ఘడియకు అంత విలువ ఇచ్చే సమాజం మనది.

సరిగ్గా అదే నిమిషం నుంచి ఇంకో లెక్క మొదలవుతుంది. దాన్ని రాసుకునేవాళ్లు తక్కువ. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డ తొడకు హెపటైటిస్‌ బి టీకా మొదటి డోసు పడాలి. పాత లెక్కలో చెప్పాలంటే అరవై ఘడియలు. ఈ గడువు దాటిపోతే ఏమవుతుందో ఆ వారంలో కనిపించదు, ఆ సంవత్సరంలోనూ కనిపించదు. ముప్పై, నలభై ఏళ్ల తర్వాత కడుపులో నీరు చేరి, కళ్లు పచ్చబడి, కాలేయం గట్టిపడిపోయిన రోజున కనిపిస్తుంది. అప్పటికి తాతయ్య ఉండడు, చీటీ ఉండదు, కారణం ఎక్కడ మొదలైందో చెప్పేవాళ్లు ఉండరు.

ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఒక్కటే. టీకా మన దగ్గర ఉంది. బిడ్డ మన ఆస్పత్రిలోనే పుడుతోంది. ఈ రెండింటినీ మొదటి రోజే కలిపే పట్టుదల ఒక్కటే కొరవడింది.

వైరస్‌ ఒకటే, వయసును బట్టి దాని తీరు మారుతుంది

హెపటైటిస్‌ బి కాలేయానికి పట్టే వైరస్‌. తల్లి రక్తంలో అది ఉన్నా, కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డను మాయ చాలావరకు కాపాడుతుంది. అసలు ప్రమాదం కాన్పు వేళ వస్తుంది. తల్లి రక్తం, స్రావాలు బిడ్డ ఒంటికి తగులుతాయి. సిజేరియన్‌ చేసినా ఈ భయం పూర్తిగా తొలగిపోదు. రక్తంలో వైరస్‌ ఉద్ధృతంగా ఉన్న తల్లులకు పుట్టిన బిడ్డలకు ఏ రక్షణా అందకపోతే, పదిమందిలో ఏడు నుంచి తొమ్మిది మందికి అది సోకుతుంది.

పెద్దవాళ్లకు ఈ వైరస్‌ సోకితే నూటికి 95 మంది ఆరు నెలల్లో దాన్ని ఒంట్లోంచి తరిమేస్తారు. పుట్టినప్పుడే సోకితే లెక్క తలకిందులవుతుంది. అలాంటి బిడ్డల్లో నూటికి 90 మందిలో అది జీవితాంతం తిష్ఠ వేస్తుంది. అప్పుడే కళ్లు తెరిచిన శరీరానికి తనదేదో, పరాయిదేదో ఇంకా తెలియదు. ఇంట్లో అడుగుపెట్టిన దొంగను చుట్టమనుకుని చాప పరిచినట్టు, ఆ వైరస్‌తో సర్దుకుపోతుంది. అలా సర్దుకున్నవారిలో దాదాపు నాలుగో వంతు మంది పెద్దయ్యాక సిరోసిస్‌తోనో, కాలేయ క్యాన్సర్‌తోనో అకాల మరణం పాలవుతారు.

ఇంకో చిక్కు ఉంది. కామెర్లు అనగానే మనకు గుర్తొచ్చేది పసరు. ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, రెండు వారాలు పథ్యం చేస్తే తగ్గిపోతుందని ఇప్పటికీ ప్రయాణాలు కట్టేవాళ్లున్నారు. నీళ్ల వల్ల, తిండి వల్ల వచ్చే హెపటైటిస్‌ ఎ లాంటివి చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు దక్కుతుంది. కానీ పుట్టుకతో సోకిన హెపటైటిస్‌ బి వల్ల చిన్నతనంలో సాధారణంగా కామెర్లు రావు. పుట్టిన రెండో రోజో, మూడో రోజో చాలామంది పసిపిల్లల్లో కనిపించే పచ్చదనానికీ, ఈ వైరస్‌కూ సంబంధం లేదు. బిడ్డ పాలు తాగుతుంది, బోర్లా పడుతుంది, బడికి వెళుతుంది, పెళ్లవుతుంది. ఒక్క లక్షణమూ బయటపడదు. కనబడని జబ్బుకు పసరూ లేదు, పథ్యమూ లేదు. ఉన్నదల్లా ముందుజాగ్రత్తే.

వైరస్‌ కంటే ముందు పరుగెత్తే సూది

వైరస్‌ తగిలాక టీకా వేస్తే లాభమేమిటని అడిగేవారుంటారు. కుక్క కరిచాక సూది వేయించుకోవడం మనకు కొత్త కాదు. రేబిస్‌ వైరస్‌ నరాల వెంట మెదడుకు చేరేలోపు టీకా శరీరాన్ని సిద్ధం చేస్తుంది. హెపటైటిస్‌ బి విషయంలోనూ జరిగేది అలాంటి పందెమే. ఈ వైరస్‌ ఒంట్లో నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది. తొలి రోజే టీకా పడితే శరీరం దాని ఆనవాలు నేర్చుకుని, అది కాలేయంలో పాతుకునేలోపే అడ్డుకుంటుంది. ఆలస్యమైన కొద్దీ వైరస్‌ది పైచేయి అవుతుంది. కుక్క కరిస్తే రేపు చూద్దామని ఎవరమూ ఊరుకోం. చంటిబిడ్డ విషయంలో మాత్రం వచ్చే బుధవారం వేయిద్దాంలే అంటాం.

ఈ జ్ఞానం మనకు ఊరికే రాలేదు. 1960ల్లో అమెరికా శాస్త్రవేత్త బరూక్‌ బ్లూమ్‌బర్గ్‌ రక్తాల మధ్య తేడాలను పరిశీలిస్తూ ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో వింత ప్రొటీన్‌ను కనుగొన్నారు. అది ఈ వైరస్‌ పైపొర అని తర్వాత తేలింది. 1976లో ఆయనకు నోబెల్‌ బహుమతి వచ్చింది. ఏటా హెపటైటిస్‌ దినోత్సవం జరుపుకొనే జులై 28 ఆయన పుట్టినరోజే. తైవాన్‌లో పనిచేసిన పామర్‌ బీస్లీ 22 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించారు. ఈ వైరస్‌ ఉన్నవారికి కాలేయ క్యాన్సర్‌ ముప్పు లేనివారికంటే 200 రెట్లకు పైగా ఎక్కువని 1981లో వెల్లడించారు. తల్లి నుంచి బిడ్డకు అది ఎలా చేరుతుందో వివరించిన పరిశోధనల్లోనూ ఆయన ముందున్నారు.

తైవాన్‌ ఆ మాటలను కాగితాల్లో వదిలేయలేదు. 1984 జులైలో వైరస్‌ ఉన్న తల్లుల బిడ్డలకు టీకాలు మొదలుపెట్టింది. రెండేళ్లలో పుట్టే ప్రతి బిడ్డకూ విస్తరించింది. అంతకుముందు దాదాపు నూటికి పదిమంది పిల్లల్లో ఉన్న ఈ వైరస్‌ ఒక తరం తిరక్కముందే నూటికి ఒకరికంటే తక్కువకు దిగింది. పిల్లల్లో కాలేయ క్యాన్సర్‌ కేసులు తగ్గాయని 1997లో అక్కడి వైద్యులు ప్రకటించారు. ఒక టీకా క్యాన్సర్‌ను తగ్గించగలదని ప్రపంచం కళ్లారా చూసింది అప్పుడే.

మన గడపలోనే తయారైన మందు

ఆ 1997లోనే హైదరాబాద్‌లో ఇంకో చరిత్ర నమోదైంది. అప్పటికి హెపటైటిస్‌ బి టీకా విదేశాల నుంచి రావాల్సిందే. ఒక డోసు ధర మామూలు సంసారికి అందని వందల రూపాయలు. ఎలక్ట్రానిక్స్‌ ఇంజనీరు అయిన కె.ఐ. వరప్రసాద్‌రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్‌ స్థాపించి, ఒమన్‌ నుంచి పెట్టుబడి తెచ్చుకుని, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) ప్రాంగణంలో పరిశోధన సాగించారు. ఈస్ట్‌ కణాల్లో వైరస్‌ పైపొర ప్రొటీన్‌ను పెంచే పద్ధతిలో శాన్‌వాక్‌ బి టీకాను 1997 ఆగస్టులో విడుదల చేశారు. జన్యు సాంకేతికతతో దేశంలో తయారైన తొలి హెపటైటిస్‌ బి టీకా అది. వెంటనే భారత్‌ బయోటెక్‌ కూడా రంగంలోకి దిగింది. పోటీ పెరిగింది, ధర పడింది. సంపన్నుల పిల్లలకే అనుకున్న సూది సర్కారు దవాఖానా దాకా రావడానికి దారి పడింది. ఇప్పుడు ప్రపంచంలో ఎన్నో దేశాల పిల్లలకు వెళ్లే టీకాలు ఈ నగర శివార్ల నుంచే పెట్టెలకెక్కుతున్నాయి.

అయినా మనం ప్రయాణం ఆలస్యంగానే మొదలుపెట్టాం. 2002-03లో కొన్ని జిల్లాల్లో, కొన్ని నగరాల మురికివాడల్లో ప్రయోగాత్మకంగా ఈ టీకా ఇచ్చారు. 2007-08లో పది రాష్ట్రాలకు విస్తరించారు. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ఒకటి. 2011లో దేశమంతటికీ వచ్చింది. అదే ఏడాది చివర కేరళ, తమిళనాడుల్లో మొదలైన పెంటావాలెంట్‌ టీకాలో హెపటైటిస్‌ బి కూడా కలిసి ఉంది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు అది వేస్తారు. అపోహ పుట్టింది ఇక్కడే. ఆరో వారంలో ఎలాగూ వేస్తారు కదా, మొదటి రోజుది తప్పినా ఫర్వాలేదని చదువుకున్నవాళ్లు సైతం అనుకుంటున్నారు. తల్లి నుంచి వైరస్‌ అందుకున్న బిడ్డకు ఆరో వారం అంటే దొంగ వెళ్లిపోయాక వేసిన తాళం. పెంటావాలెంట్‌ డోసులు తప్పకుండా వేయించాలి. అయితే అవి మొదటి రోజు డోసు మొదలుపెట్టిన పనిని పూర్తిచేసేవే, దాని బదులు వచ్చేవి మాత్రం కావు.

2022లో మన దేశంలో 2.98 కోట్ల మంది హెపటైటిస్‌ బి వైరస్‌తో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ప్రపంచమంతటా ఆ సంఖ్య 25.4 కోట్లు. మొదటి రోజు డోసు అందుకుంటున్న శిశువులు ప్రపంచంలో సగం మంది కూడా లేరు, నూటికి 45 మందే. ఇక పిల్లల్లో ఈ వైరస్‌ను అదుపు చేయడంలో మన ఇరుగుపొరుగు దేశాలు కొన్ని మనకంటే ముందు నడిచాయి. బంగ్లాదేశ్‌, భూటాన్‌, నేపాల్‌, థాయిలాండ్‌ తమ ఐదేళ్ల పిల్లల్లో ఈ వైరస్‌ను నూటికి ఒకటి కంటే కిందికి దించాయని 2019లో ఆ సంస్థ ధ్రువీకరించింది. కొండల్లో నడక దారులే దిక్కైన ఊళ్లున్న దేశాలకు సాధ్యమైనది, టీకాల రాజధానిగా పేరుపడ్డ నగరమున్న మనకు ఎందుకు కష్టం కావాలి?

ఆలస్యం ఎక్కడ జరుగుతోంది?

దూరాన్ని నిందించే వీలు మనకు పెద్దగా లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో నూటికి 96కు పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. అందులోనూ సిజేరియన్లు తెలంగాణలో నూటికి 60కి పైనే, ఆంధ్రప్రదేశ్‌లో 42. అంటే తల్లీబిడ్డలు రోజుల తరబడి ఆస్పత్రి మంచం మీదే ఉంటున్నారు. ఫ్రిజ్‌కూ ఆ మంచానికీ మధ్య దూరం కొన్ని అడుగులే. ఆ కొన్ని అడుగులు నడవడానికి కొన్నిసార్లు మూడు రోజులు, కొన్నిసార్లు వారం పడుతోందంటే కారణాలు గోడల లోపలే వెతకాలి.

మొదటి కారణం టీకాల రోజు అనే అలవాటు. బుధ, శనివారాల్లో టీకాలు వేయడం ఊళ్లలో మంచి క్రమశిక్షణే. అదే అలవాటు కాన్పు గదిలోకి వస్తే ఆదివారం పుట్టిన బిడ్డకు అన్యాయం జరుగుతుంది. పుట్టుకకు సెలవు లేదు కాబట్టి ఈ టీకాకూ సెలవు ఉండకూడదు.

రెండోది వృథా భయం. సర్కారు సరఫరాలో ఒక సీసాలో పది డోసులు ఉంటాయి. ఒక్క బిడ్డకోసం తెరిస్తే మిగిలిన తొమ్మిదీ పారబోయాలేమో, లెక్క చెప్పాలేమో అని సిబ్బంది వెనకాడతారు. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా విషయంలో ఆ భయానికి అర్థం ఉంది, సీసా తెరిచిన నాలుగు గంటల్లో వాడేయాలి. హెపటైటిస్‌ బి సీసాను తెరిచాక సరైన చల్లదనంలో, శుభ్రంగా ఉంచితే 28 రోజుల వరకు వాడుకోవచ్చని మన టీకా విధానమే చెబుతోంది. రెండూ ఒకేసారి వేద్దామనుకోవడంతో బీసీజీ కోసం పదిమంది బిడ్డలు పోగయ్యేదాకా హెపటైటిస్‌ బి కూడా ఆగిపోతుంది. బీసీజీకి వ్యవధి ఉంది. దీనికి లేదు.

మూడోది బిడ్డ బలహీనంగా ఉందన్న జాలి. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువగా ఉన్నా ఈ డోసు ఇవ్వాలన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇది జీవం లేని టీకా, వైరస్‌ పైపొరలోని ఒక ప్రొటీన్‌ మాత్రమే. జాలితో వాయిదా వేస్తే నష్టపోయేది ఆ బలహీనమైన బిడ్డే.

నాలుగోది ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌. కాన్పు చేసే డాక్టరమ్మ తల్లిని చూస్తారు. బిడ్డను చూసే పిల్లల డాక్టరు సాయంత్రమో, మర్నాడో వస్తారు. టీకా ఎవరి బాధ్యత అన్నది ఇద్దరి మధ్య జారిపోతుంది. డిశ్చార్జి రోజున అన్నీ కలిపి వేసి కార్డు మీద తేదీ రాస్తారు. గంట రాయరు. అసలు సమస్య అంతా రాయని ఆ గంటలోనే ఉంది.

తల్లికి నెగెటివ్‌ వస్తే?

తల్లికి పరీక్షలో వైరస్‌ లేదని తేలాక బిడ్డకు తొందరేమిటనే వాదన వినిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. అమెరికా మొదట్లో ఆ దారే ఎంచుకుంది. ముప్పు ఉన్నవారిని గుర్తించి వారికే టీకా ఇస్తే చాలనుకుంది. జబ్బు తగ్గలేదు. చివరికి 1991లో శిశువులందరికీ ఇవ్వాలని నిర్ణయించుకుంది. పరీక్ష చేయించుకోని తల్లులు ఉంటారు. నెలల ముందు చేసిన పరీక్ష తర్వాత వైరస్‌ సోకినవారుంటారు. చీటీ పోగొట్టుకున్నవారు, ఫలితం తప్పుగా రాసినవారు ఉంటారు. పైగా వైరస్‌ తల్లి దగ్గరి నుంచే రావాలని లేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్ల బ్లేడు, గోళ్ల కత్తెర, మానని పుండు చాలు. బిడ్డను ఎత్తుకునే చేతులన్నింటినీ పరీక్షించలేం. బిడ్డకు ఒక సూది వేయగలం.

తల్లికి పాజిటివ్‌ వచ్చినప్పుడు మాత్రం చేయాల్సినవి ఇంకా ఉన్నాయి. బిడ్డకు టీకాతోపాటు, ఇంకో తొడకు హెపటైటిస్‌ బి ఇమ్యునోగ్లోబ్యులిన్‌ అనే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల సూదీ వేస్తారు. రెండూ సకాలంలో పడి, మిగిలిన డోసులూ పూర్తయితే నూటికి తొంభై మంది బిడ్డలు బయటపడతారు. వైరస్‌ ఉద్ధృతంగా ఉన్న తల్లికి గర్భంలో ఉండగానే టెనోఫోవిర్‌ మాత్రలు ఇస్తే ప్రమాదం ఇంకా తగ్గుతుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్‌ హెపటైటిస్‌ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్ష, మందులు ఉచితం. తల్లి పాలు మానిపించాల్సిన అవసరం లేదు. ముర్రుపాలు పిండి పారబోయించే పెద్దవాళ్లకు, పాజిటివ్‌ అనగానే డబ్బా పాలు చేతిలో పెట్టేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఇంకో మాట అంతకంటే గట్టిగా చెప్పాలి. పాజిటివ్‌ అన్న చీటీ రాగానే చాలా ఇళ్లలో కోడలి మీదే నింద పడుతుంది. ఆమె గ్లాసు వేరు, కంచం వేరు అవుతాయి. పుట్టింటికి పంపే ఆలోచనలు మొదలవుతాయి. కలిసి తింటే, ఒకే గ్లాసులో తాగితే, ముట్టుకుంటే ఇది రాదు. ఇక ఆమెకు ఎలా వచ్చిందని అడిగితే జవాబు చాలాసార్లు ఆమె పుట్టినరోజున ఉంటుంది. పాతికేళ్ల కిందట ఏదో కాన్పు గదిలో ఆమె తల్లి నుంచి ఆమెకు వచ్చి ఉంటుంది. అప్పుడు ఆమెకు వేయడానికి సర్కారు దవాఖానాలో ఈ సూది లేదు. తన తప్పు లేకుండా దాన్ని మోసిన మనిషిని దోషిగా నిలబెట్టడం కంటే అన్యాయం ఇంకొకటి లేదు.

ప్రతి టీకాకూ ఒక వేళ

తల్లీబిడ్డల విషయంలో ఒక్కో వైరస్‌కు ఒక్కో వేళ ఉంది. రుబెల్లాను గర్భానికి ముందే ఆపాలి. 1941లో సిడ్నీ కంటి డాక్టరు నార్మన్‌ గ్రెగ్‌, తొలి నెలల్లో తల్లికి సోకిన రుబెల్లాకూ బిడ్డ కంటి శుక్లానికీ ఉన్న లంకెను పట్టుకున్నారు. గర్భం వచ్చాక ఆ టీకా వేయకూడదు కాబట్టి, 2017లో తెలుగు రాష్ట్రాల బడిపిల్లలకు వేసిన మీజిల్స్‌-రుబెల్లా టీకా రేపటి తల్లుల కోసం కూడా. ఫ్లూ టీకా గర్భంలో ఉండగా వేసుకుంటే తల్లితోపాటు పుట్టాక కొన్ని నెలలు బిడ్డకూ కాపు. తల్లి ఇచ్చిన మీజిల్స్‌ రక్షణ తగ్గిపోయే వేళ చూసే ఆ టీకాను తొమ్మిది నెలలు నిండాక పెట్టారు. వీటిలో చాలావాటికి నెలల వెసులుబాటు ఉంది. హెపటైటిస్‌ బికి ఉన్నది ఒక్క రోజు.

కాబట్టి చేయాల్సినవి కూడా ఆ ఒక్క రోజు చుట్టూనే ఉండాలి. కాన్పు గది రిజిస్టరులో పుట్టిన సమయం పక్కనే టీకా వేసిన సమయం రాసే గడి ఉండాలి. టీకా సీసా కాన్పు జరిగే అంతస్తులోనే ఉండాలి. పెద్ద డాక్టరు రాక కోసం చూడకుండా వేసే అధికారం విధుల్లో ఉన్న నర్సుకు ఉండాలి. ఒక బిడ్డకోసం సీసా తెరిచినందుకు ఏ నర్సునూ సంజాయిషీ అడగకూడదు. ప్రైవేటు ఆస్పత్రులు తేదీతోపాటు గంటను కూడా ప్రభుత్వానికి నివేదించాలి. డోసు పడిందా అన్నది ఒక లెక్కగా, 24 గంటల్లో పడిందా అన్నది వేరే లెక్కగా జిల్లా అధికారులు నెలనెలా చూడాలి. రెండూ కలిపేస్తే ఆలస్యం కనబడకుండా పోతుంది. మన్యం గూడేల్లో ఇంటి దగ్గరే కాన్పు అయితే కబురు అందిన వెంటనే ఏఎన్‌ఎం ఐస్‌ప్యాక్‌ డబ్బాతో బయలుదేరే ఏర్పాటు ఉండాలి. ఆ డబ్బాలో టీకా గడ్డకట్టకుండా చూసుకోవాలి. గడ్డకడితే ఈ టీకా పనికిరాదు.

ఇక ఇంటివాళ్ల వంతు. చీటీ మీద పుట్టిన నిమిషం రాసుకున్న తాతయ్యే ఇంకో ప్రశ్న కూడా అడగవచ్చు. అమ్మా, హెపటైటిస్‌ బి సూది వేశారా, ఎన్ని గంటలకు వేశారు? ఆ ప్రశ్న వినబడిన ఆస్పత్రిలో మర్నాటి నుంచి ఎవరూ అడగకుండానే సూది పడుతుంది.

2007-08లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ టీకా మొదలైనప్పుడు పుట్టిన ఆడపిల్లలు యుక్తవయసుకు వచ్చారు. కొన్నేళ్లలో వాళ్లు తల్లులవుతారు. వాళ్లలో మొదటి రోజే సూది పడిన అమ్మాయిల్లో చాలామంది రక్తంలో తమ తల్లి నుంచి రావలసిన వైరస్‌ లేదు. వాళ్ల బిడ్డలకు ఇవ్వడానికీ ఉండదు. అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి బిడ్డకు ఎన్నో తరాలుగా నడిచివచ్చిన వైరస్‌ దారి వాళ్ల దగ్గర ఆగిపోయింది. ఈ రాత్రి ఏదో ఆస్పత్రిలో ఒక ఆడపిల్ల పుడుతుంది. రేపు ఇదే వేళకు ఆమె కార్డులో హెపటైటిస్‌ బి గడి నిండాలి, పక్కన గంట కూడా రాసి ఉండాలి.